ఈ బొమ్మ ఎవరిది?



మొన్న వేసవి సెలవుల్లో మా విచారణకు చెందిన ఒక అమ్మాయి చేతిలో నాలుగు కాగితాలు, చంకలో పాత దుప్పటిలో చుట్టిన బొమ్మలు పెట్టుకొని ఫాదర్ బంగళాకు వచ్చింది. విశాఖపట్నంలో చిత్రకళ చదువుతోంది. తండ్రి జూట్ మిల్లు కార్మికుడు. మిల్లు నడిచిన నెలలో జీతం, గేటు మూసిన నెలలో అప్పు. "ఈ బొమ్మలు కూడెడతాయా ఫాదరు గారూ?" అని ఆయన నన్ను ఎన్నిసార్లు అడిగాడో లెక్క లేదు. అయినా కూతురి ఫీజు మాత్రం ఏనాడూ ఆపలేదు.

కళాశాలవారు పిల్లలకు ఒక పని అప్పగించారట. ఎవరి చిత్రాల గురించి వారే నాలుగు పుటలు రాయాలి. ఏం వేశారు, ఎందుకు వేశారు, ఎవరెవరి ప్రభావం తమ మీద ఉంది, ఇవన్నీ చెప్పాలి. "తెలుగు తప్పులు దిద్దండి ఫాదర్" అని ఆ కాగితాలు నా ముందు పెట్టింది. తప్పులు పెద్దగా లేవు. కాని రెండో పుటలో ఒక చోట నా కలం ఆగింది. తన చిత్రాల మీద ఎవరి ప్రభావమూ లేదని, అవి పూర్తిగా తన అంతరంగంలో నుండే పుట్టాయని ఆ పిల్ల రాసుకుంది.

బొమ్మలు విప్పమన్నాను. ఐదు ఉన్నాయి. నాలుగింటి సంగతి వదిలేస్తాను. ఐదోది మరియతల్లి, బాలయేసు. తల్లి మన వైపు ఊడ్పులకు వెళ్ళే మనిషిలా చీర ఎగదోపుకొని గడ్డికుప్ప పక్కన కూర్చుంది. వెనుక ఎర్రమట్టి గోడ. ఆ గోడ అంచు పొడుగునా తెల్లటి చిన్న చిన్న మనుషులు, గుర్రాలు, సూర్యుడు, చంద్రుడు. బాగుంది. నిజంగా బాగుంది. ఆ తల్లి ముఖంలోని అలసట నేను రోజూ ఆరు గంటల పూజలో చూసే అలసటే.

అయితే తల్లి తల ఒక పక్కకు వాలిన తీరు నాకు తెలుసు. అది మన గుడిలోని నిత్యసహాయ మాత పటంలోది. ఆ పెద్ద కళ్ళు, బుగ్గ మీద పడిన ఆ పసుపుపచ్చని వెలుగు వడ్డాది పాపయ్యగారివి. ఆ పిల్ల నాయనమ్మ ట్రంకు పెట్టెలో పాత చందమామలు ఉండేవి, బియ్యపు పురుగు పట్టకుండా వేపాకు వేసి దాచేది, నేనే చూశాను. ఇక ఆ అంచు సవరల గోడబొమ్మలది. వాళ్ళ పిన్ని సీతంపేట వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో వంట చేస్తుంది. చిన్నప్పుడు సెలవులకు అక్కడికే వెళ్ళేది.

ఈ మాటే అన్నాను. తప్పుపట్టే ఉద్దేశంతో కాదు, గుర్తుపట్టిన సంతోషంతో అన్నాను. ఆ పిల్ల ముఖం మాడిపోయింది. "అయితే ఇది నాది కాదా ఫాదర్?" అంది.

నేను చాలా తొందరగా జవాబు చెప్పాను. గురువులకు ఉండే జబ్బు అది. "సృష్టికర్త దేవుడొక్కడే తల్లీ. మనం చేసేదంతా నకలే" అన్నాను. మాట అందంగా ఉందని కూడా అనుకున్నాను. ఆమె బొమ్మలు చుట్టుకుంటూ, "అయితే ఇక వెయ్యడం ఎందుకు?" అని వెళ్ళిపోయింది. తరువాత రెండు ఆదివారాలు గుడిలో వెనుక వరుసలో కూర్చుంది. బ్రష్షు ముట్టుకోవడం లేదని, పట్నం వెళ్ళి బట్టల కొట్టులో చేరతానంటోందని వాళ్ళ నాన్న వచ్చి చెప్పాడు. ఇన్నాళ్ళూ కూడెడతాయా అని అడిగిన మనిషే, "ఏటి చెప్పినారు ఫాదరు గారూ దానికి?" అని నన్ను నిలదీశాడు.

నేను చెప్పిన జవాబు తప్పు. ఎందుకు తప్పో ఆలోచించడానికే ఈ వారం ఈ స్థలం వాడుకుంటున్నాను.

శూన్యం నుండి ఏదైనా కలిగించగలవాడు దేవుడొక్కడే అన్నది నిజమే. జ్ఞానోపదేశంలో మనమంతా నేర్చుకున్నదే. మనిషి ఏది చేసినా ఉన్నదాని నుండే చేయాలి. కాని దీని నుండి, మనిషి చేసేదంతా నకలు అని ఎలా తేలుతుంది? తేలదు. పునీత అక్వినాసు తోమాసు గారు ఈ సంగతి మీద చాలా గట్టిగా ఉంటారు. ఆయన కాలంలో కొందరు భక్తితోనే ఒక వాదం చేశారు. నిప్పు కాల్చదట, నిప్పు ఉన్నచోట దేవుడే కాలుస్తాడట. సృష్టిలో దేనికీ సొంత పని లేదట. తోమాసు గారు దీన్ని ఒప్పుకోలేదు. సృష్టి నుండి దాని పనిని లాగేసుకుంటే దేవునికి కీర్తి పెరగదు, తగ్గుతుంది అన్నారు. తాను చేసినవి కూడా నిజంగా పని చేయగలిగేలా చేయడంలోనే దేవుని శక్తి గొప్పతనం ఉంది. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో ఇది పరీక్షకు రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ముప్ఫై ఏళ్ళ తరువాత, ఏడుపు ఆపుకుంటూ ఎదురుగా నిలబడ్డ ఒక ఆడపిల్లకు మాత్రం, తోమాసు గారు ఖండించిన జవాబునే చెప్పాను.

కాబట్టి ఆ బొమ్మ ఆమెదే. సగం ఆమెది, సగం ఇతరులది అని కాదు. మొత్తం ఆమెది. అదే సమయంలో అందులో ఉన్నదంతా ఆమెకు అందినదే. ఇది వినడానికి వింతగా ఉంటుంది కాని, మన ఇళ్ళలో మనం ఎప్పుడూ ఒప్పుకునే విషయమే. బారసాలకు వచ్చిన ఆడవాళ్ళు ఉయ్యాల చుట్టూ చేరి ఏం చేస్తారు? ముక్కు నాయనమ్మది అంటారు, నుదురు మేనమామది అంటారు, ఆ ఏడుపు మాత్రం అచ్చం తండ్రిదే అని నవ్వుతారు. అంతా పంచేశాక ఆ బిడ్డకు మిగిలింది ఏమీ లేదని ఎవరైనా అనుకుంటారా? పొందూరు ఖద్దరు సంగతి మీకు తెలుసు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకి, సన్నగా వడికి, ఆ తరువాత మగ్గం ఎక్కిస్తారు. పత్తి రైతుది, దవడ చేపది, నూలు వడికిన ఆమెది. అయినా ఆ పంచె నేసినవాడు ఇది నా పని అంటే అబద్ధం కాదు.

ఇప్పుడు పాపయ్యగారి మాటకు వద్దాం. మన శ్రీకాకుళంలోనే 1921లో పుట్టారు. తండ్రి రామమూర్తిగారు డ్రాయింగు మాస్టారు. కొడుకుకు మొదటి గురువు ఆయనే. రవివర్మ వేసిన కోదండరాముని పటం చూసి, పాపయ్యగారు పసితనంలోనే దాన్ని అలాగే దించారని చెబుతారు. అంటే మనమంతా అబ్బురపడి చూసిన ఆ చెయ్యి మొదట నేర్చుకున్నది మరొకరి బొమ్మను చూసి వేయడమే. మరి ఆ రవివర్మకు ఎవరు నేర్పారు? తైలవర్ణాల మర్మం తెలిసిన ఆస్థాన చిత్రకారుడు ఆ కుర్రవానికి నేర్పడానికి ఇష్టపడలేదు. తిరువాన్కూరు ఆస్థానానికి వచ్చిన థియోడర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు పని చేస్తుంటే పక్కన నిలబడి చూసి పట్టుకున్నాడు. 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి తన బొమ్మలను దేశమంతటా పంచాడు. అలా అచ్చయిన పటాలే ఊరూరా గోడలెక్కాయి. వాటిని చూసి పెరిగిన పిల్లవాడు పెద్దవాడై దశాబ్దాల తరబడి చందమామకు, యువకు బొమ్మలు వేశాడు. 1992లో కశింకోటలో కన్నుమూశాడు. ఆ చందమామ అట్టలు ఒక జూట్ మిల్లు కార్మికుని తల్లి పెట్టెలో వేపాకుల మధ్య ఉన్నాయి. జెన్సన్ గారికి ఈ ముసలమ్మ సంగతి తెలియదు. ఈమెకు ఆయన పేరు తెలియదు. అయినా ఆ దారి తెగకుండా వచ్చి ఈ పిల్ల బ్రష్షులోకి చేరింది.

రవివర్మ బొమ్మకూ పాపయ్యగారి బొమ్మకూ తేడా తెలియనివారు మనలో ఎవరున్నారు? వ.పా. అన్న రెండక్షరాలు మూసిపెట్టినా చెబుతాం. ప్రభావం వేరు, పోలిక వేరు.

విజయనగరం నుండి ఇంకొక ఉదాహరణ. అంత్యాకుల పైడిరాజు గారు 1919లో బొబ్బిలిలో పుట్టారు. మద్రాసు కళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి గారి దగ్గర చదువుకున్నారు. మెరీనా తీరంలో బండరాయిని నెడుతున్న నలుగురు కూలీల విగ్రహం చూసినవారికి ఆ గురువు చెయ్యి ఎటువంటిదో తెలుస్తుంది. కండలు, నరాలు, బరువు. పైడిరాజు గారు విజయనగరం తిరిగివచ్చి చిత్రకళ నేర్పే పాఠశాల పెట్టారు. ఆయన చిత్రాల్లో కండలు లేవు. మన పల్లెపడుచులు ఉన్నారు, బొట్టూ కొప్పూ ఉన్నాయి, వంపు తిరిగిన గీత ఉంది. గురువు ఇచ్చినది శిష్యుని దగ్గర వేరే రూపం ఎత్తింది. అలాగని ఆయన మద్రాసు వెళ్ళకుండా బొబ్బిలిలోనే ఉండిపోతే ఆ గీత వచ్చేదా? రాదనే నా అభిప్రాయం.

మన ఇళ్ళలోకే రండి. తిరుహృదయ పటం లేని కతోలిక ఇల్లు మన వైపు ఉండదు. దాని ముందు దీపం పెడతాం, ఇల్లు మారితే మొదట దాన్నే తీసుకువెళతాం. ఆ పటాల్లో చాలావాటికి మూలం పొంపేయో బతోని అనే ఇటలీ చిత్రకారుడు 1767లో వేసినది. రోములోని జేసు దేవాలయంలో ఇప్పటికీ ఉంది. అక్కడి నుండి నకలు మీద నకలు, అచ్చు మీద అచ్చు. క్రీస్తు ప్రభువు గడ్డం, ఆ చూపు, చేతిలో హృదయం మన తాతల కాలం నుండి మనకు తెలిసిన ముఖం. బతోని పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఇక నిత్యసహాయ మాత పటాన్ని వేసినవారు ఎవరో లోకంలో ఎవరికీ తెలియదు. క్రేతు ద్వీపం నుండి రోముకు వచ్చిందని సంప్రదాయం. 1866లో తొమ్మిదవ భక్తినాథ పోపుగారు దాన్ని రక్షకసభ గురువులకు అప్పగించారు. ఆ పటం వేసిన చెయ్యి ఎవరిదో, సంతకం లేదు. ఆ తూర్పు సంప్రదాయంలో చిత్రకారునికి తనకంటూ కొత్తదనం చూపాలన్న తాపత్రయమే లేదు. ముందువారు ఇచ్చిన రూపాన్ని ప్రార్థనతో తిరిగి వేయడమే పని. మనం ఇప్పుడు ప్రతివాడూ అంతకుముందు ఎవరూ చేయనిదే చేయాలంటున్నాం. ఈ రెంటిలో ఏది సరి అంటే నేను పక్షం వహించలేను. కాని రెండోది మాత్రమే సత్యమని పిల్లలకు చెప్పడం వల్లనే వాళ్ళు అబద్ధాలు రాయవలసి వస్తోంది.

అవును, అది అబద్ధమే. ఇక్కడ నేను మెత్తబడదలచుకోలేదు. బొమ్మ ఆమెదే. కాని ఎవరి ప్రభావమూ లేదన్న వాక్యం అబద్ధం. తోమాసు గారు ఇక్కడ ఒక పదునైన తేడా చూపిస్తారు. కళ అంటే చేయవలసిన వస్తువును సరిగా చేసే వివేకం. పనివాడి పని మంచిదా కాదా అన్నది అతని మనసును బట్టి కాదు, వస్తువును బట్టి తేలుతుంది. తాగుబోతు వడ్రంగి చేసిన తలుపు కూడా చక్కగా మూసుకోవచ్చు. అందుచేత ఆ కాగితం మీది అబద్ధం వల్ల బొమ్మ అందం ఒక్క వీసం కూడా తగ్గదు. తప్పు ఉన్నది బొమ్మలో కాదు, వేసిన మనిషిలో.

ఏమిటా తప్పు? ఏడవ ఆజ్ఞా, ఎనిమిదవ ఆజ్ఞా? దొంగతనం అనడానికి నాకు మనసొప్పదు. పాపయ్యగారి దగ్గర నుండి ఆమె తీసుకున్నది ఆయనకు తక్కువ కాలేదు. తోమాసు గారు కృతజ్ఞత గురించి చెప్పినదే ఇక్కడ అసలు మాట అనిపిస్తుంది. ఆయన దాన్ని న్యాయానికి చుట్టంగా చూస్తారు, అంటే అది మర్యాద కాదు, బాకీ. ఆ బాకీకి మూడు మెట్లున్నాయి. నాకు మేలు జరిగిందని గుర్తించడం మొదటిది. ఆ మాట పైకి చెప్పడం రెండోది. తగిన వేళ తగినంతలో తిరిగి ఇవ్వడం మూడోది. కృతఘ్నతకు మెట్లు దీనికి తలకిందులుగా ఉంటాయి. తిరిగి ఇవ్వకపోవడం చిన్న తప్పు, ఒక్కోసారి చేతకాక కూడా ఇవ్వలేం. పైకి చెప్పకపోవడం అంతకంటే పెద్దది. అసలు అందుకున్నట్టే ఎరగకపోవడం అన్నిటికంటే పెద్దది. మన పెద్దలు పితృరుణం, గురురుణం అన్నారు. రుణం తీర్చలేకపోవచ్చు కాని, పత్రం చించెయ్యకూడదు.

ఆ మాట చెప్పిన తోమాసు గారు తాను కూడా పాటించారు. ఆయన పుస్తకాల్లో అరిస్టాటిల్‌ను పేరుతో కాక తత్వవేత్త అనే పిలుస్తారు. అన్యమతస్థుడని దాచలేదు. అరిస్టాటిల్‌కు వ్యాఖ్య రాసిన ఇబ్న్ రుష్ద్ ముస్లిం. తోమాసు గారు ఆయనను వ్యాఖ్యాత అంటారు, కొన్నిచోట్ల తీవ్రంగా విభేదిస్తూ కూడా అదే గౌరవంతో అంటారు.

ఇక నా సంగతి. చాలా ఏళ్ళ క్రితం ఒక పల్లె విచారణలో ఉండగా తపస్సుకాలంలో ఒక ప్రసంగం చేశాను. జనం కంటతడి పెట్టారు. పూజ అయ్యాక పెద్దలు వచ్చి చేతులు పట్టుకున్నారు. ఆ ప్రసంగం మొత్తం మరొక గురువు రాసిన చిన్న పుస్తకంలోది. నేను చేర్చింది ఆ ఊరి పేరు మాత్రమే. మెచ్చుకుంటుంటే తల వంచుకొని ఊరుకున్నాను, అది వినయంలా కనబడింది కూడా. అక్కడ ఒక ముసలి ఉపదేశి ఉండేవాడు. మరుసటి ఆదివారం నేను పూజ బట్టలు వేసుకుంటుండగా అదే పుస్తకం, ఆయన సొంత ప్రతి, పేజీలు పసుపెక్కినది, తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మంచి పుస్తకం ఫాదరు గారూ, మీ దగ్గర లేదేమో, ఉంచుకోండి" అన్నాడు. ఇంకొక మాట అనలేదు. దానికి ముందు చెప్పిన ప్రసంగాలకంటే ఆ తరువాత చెప్పినవి పేలవంగానే ఉన్నాయి. కాని వాటిలో ఎవరిది ఎవరిదో చెప్పి మాట్లాడాను. ఆ ఉపదేశి ఇప్పుడు లేడు. ఆ పుస్తకం నా దగ్గరే ఉంది.

ఆ అమ్మాయి ఎందుకు అలా రాసిందో నాకు అర్థం కానిది కాదు. మార్కుల భయం ఉంది. దానికంటే లోతున సిగ్గు ఉంది. పట్నపు పిల్లలు ఢిల్లీ, బరోడా, పారిస్ పేర్లు రాస్తారు. ఈమె ఏం రాయాలి? నాయనమ్మ ట్రంకు పెట్టె, గుడిలో బుధవారం నవదిన ప్రార్థన, ఏజెన్సీలో వంటమనిషి పిన్ని. వాటిని రాయడంకంటే ఏమీ లేదని రాయడమే గౌరవం అనుకుంది. తన దరిద్రం దాచుకున్నాననుకుంది కాని, దాచింది తన ఆస్తిని.

సవరల అంచు సంగతి మాత్రం అంత తేలిక కాదు. దాని గురించి నేను ఇంకా తేల్చుకోలేదు. ఆ గోడబొమ్మలు అలంకారం కోసం వేసినవి కావు. ఇంటిలో జబ్బు వచ్చినప్పుడో, చనిపోయిన పెద్దలను తలచుకొనేటప్పుడో, ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో వేస్తారు. అది వాళ్ళ ప్రార్థన. మనవారు, అంటే క్రైస్తవులం, ఆ కొండల్లోకి వెళ్ళాక, బాప్తిస్మం తీసుకున్న ఇళ్ళలో చాలాచోట్ల ఆ బొమ్మలు ఆగిపోయాయి. ఎవరు ఆపమన్నారు, ఎంతవరకు అవసరం, ఎంతవరకు తొందరపాటు అన్నది పెద్ద విషయం, ఒక వారంలో తేలేది కాదు. కాని ఒకవైపు మనం సున్నం కొట్టించిన గోడ మీది బొమ్మలను, మరొకవైపు మన పిల్ల తెచ్చి మరియతల్లి చుట్టూ అంచుగా పెట్టిందంటే, ఆ బాకీ పుస్తకంలో ఒక్క పద్దు ఉండదు. పాపయ్యగారికి పేరుంది. బతోనికి పేరుంది. ఆ పిండితో వేసిన ఆమె పేరు ఎవరూ అడగరు. మనం దాన్ని జానపదం అని ఒక మాటలో కట్టేసి పక్కన పెడతాం. రెండవ వాటికన్ మహాసభ ఇతర మతాలలో సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని దేనినీ శ్రీసభ తోసిపుచ్చదని చెప్పింది. అది 1965. ఆ మాట మన కొండ దారుల్లో ఎంత దూరం ఎక్కిందో నాకు అనుమానమే.

"మరియతల్లిని కూలిమనిషిలా వేయడమేమిటి ఫాదర్" అని ఆ బొమ్మ చూసిన ఒక సంఘపెద్ద అడిగాడు. ఆయన ఇంట్లో మరియతల్లి ఐరోపా దొరసానిలా ఉంటుంది, దానికి అభ్యంతరం లేదు. గోవాలో పుట్టిన ఆంజెలో ద ఫొన్సెకా గారు శాంతినికేతన ప్రభావంతో మరియమాతకు చీర కట్టి వేస్తే స్వజనమే ఆయనను నొప్పించింది. శ్రీసభ ఏ ఒక్క కళాశైలినీ తన సొంతమని చెప్పుకోలేదని 1963లోనే మహాసభ తేల్చింది. ఆ పెద్దకు ఇదంతా చెప్పాను. ఒప్పుకోలేదు. కాఫీ తాగి వెళ్ళాడు.

ఇప్పుడు ఇంకొక కొత్త సంగతి వచ్చింది. ఫోనులో ఒక వాక్యం కొడితే క్షణంలో బొమ్మ వస్తోంది. తన తరగతిలో కొందరు దాన్ని చూసి వేస్తున్నారని ఆ అమ్మాయే చెప్పింది. ఆ యంత్రం కూడా లక్షలమంది వేసినదాని నుండే తీసుకుంటుంది కదా, నాకూ దానికీ తేడా ఏమిటి ఫాదర్ అని అడిగింది. మంచి ప్రశ్న. ఆ యంత్రానికి నాయనమ్మ లేదు అన్నాను. అది పూర్తి జవాబు కాదని నాకు తెలుసు. కాని మేలు అందుకున్నానని గుర్తించే మొదటి మెట్టు ఎక్కడానికి ఎవరో ఒకరు ఉండాలి గదా. ఆ యంత్రంలో ఎవరూ లేరు. బొమ్మ ఉంది.

ఇదంతా రెండోసారి మాట్లాడుకున్నప్పటి ముచ్చట. మూడో ఆదివారం పూజ అయ్యాక నేనే వెనుక వరుస దాకా వెళ్ళి, ఆ రోజు నేను చెప్పింది తప్పు తల్లీ అన్నాను. గురువు నోట ఆ మాట వచ్చేసరికి చుట్టూ ఉన్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి జరిగారు. ఆ సాయంత్రం బంగళా అరుగు మీద కూర్చొని, మీకు పైన రాసినదంతా, ఇంత సాఫీగా కాదు, ముందుకూ వెనక్కూ తడుముకుంటూ చెప్పాను. ఆమె వాదించింది కూడా. బాకీలన్నీ రాసుకుంటూ పోతే నా గురించి రాయడానికి చోటేది అంది. నాలుగు పుటలు చాలకపోతే ఐదో పుట అడుగు అన్నాను.

కళాశాల తెరిచే ముందు తిరగరాసిన కాగితాలు తెచ్చింది. నాయనమ్మ పెట్టె ఉంది. పాపయ్యగారు ఉన్నారు, ఆయన వెనుక రవివర్మ ఉన్నాడు. పిన్నితో కలిసి మళ్ళీ సీతంపేట వైపు వెళ్ళి, ఒక ఇంట్లో ఆ బొమ్మలు వేసే ముసలామె పక్కన రెండు పూటలు కూర్చున్నదట. అంచు గురించి ఏమీ అనలేదట ఆమె, పిండి ఇంకొంచెం చిక్కగా కలుపుకోమని మాత్రం చెప్పిందట. అది కూడా రాసింది. అంచు తీసెయ్యాలో ఉంచాలో తెలియడం లేదని కూడా రాసింది. ఆ వాక్యం నేను దిద్దలేదు.

వెళ్ళబోతూ, "మీరు ఒకటి చూడలేదు ఫాదర్" అని బొమ్మ మళ్ళీ విప్పింది. బాలయేసు కాలు చూపించింది. ఒక కాలికి నీలం రంగు హవాయి చెప్పు వార్లు జారి, బొటనవేలికి వేలాడుతోంది. "ఇది మాత్రం ఎవరి దగ్గరా తీసుకోలేదనుకున్నా. మొన్న బుధవారం పటం దగ్గరగా వెళ్ళి చూస్తే, అక్కడా ఉంది" అంది. నవ్వుతోంది.

ఆమె వెళ్ళాక గుడి తలుపు తీసి, దీపం వేసి, కళ్ళజోడు తుడుచుకొని చూశాను. దేవదూతలు చూపిస్తున్న సిలువకు ఉలిక్కిపడి తల్లి చెయ్యి పట్టుకున్న బిడ్డ కాలి నుండి చెప్పు జారి వేలాడుతోంది. ఈ గుడికి వచ్చినప్పటి నుండి ప్రతి బుధవారం ఆ పటం ముందు నిలబడి ప్రార్థన చదువుతున్నాను.